జింకల సోమవారం

సెప్టెంబరు 10, 2013. మంగళవారం

ప్రాజెక్ట్ వాల్‌నట్ అట.

వచ్చిన ఉత్తరంలో కంపెనీ పేరు లేదు, ఊరు లేదు, ఏం తయారుచేస్తారో లేదు. పదకొండు పేజీల ప్రశ్నలు, చివర ఆష్‌బీ సంతకం, కంపెనీలకి స్థలం వెతికిపెట్టే సైట్ కన్సల్టెంటట. వీళ్ళెప్పుడూ ఇంతే. ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టబోతున్నారో పొక్కితే పాత ఊళ్ళో పనివాళ్ళు గోల చేస్తారని, కొత్త ఊళ్ళో భూములవాళ్ళు రేట్లు పెంచుతారని ఇలా ముసుగు పేర్లు పెడతారు. పద్నాలుగేళ్ళుగా కాల్డర్ కౌంటీ అభివృద్ధి ఆఫీసులో కూర్చుని ప్రాజెక్ట్ ఈగిల్, ప్రాజెక్ట్ సన్‌రైజ్, ప్రాజెక్ట్ ఏదో చేప, అన్నీ చూశాను. ఒక్కటీ రాలేదు.

లక్ష చదరపు అడుగుల షెడ్డు. నీళ్ళు, కరెంటు, గ్యాసు. గంటన్నర దూరంలో విమానాశ్రయం. లేతు పని, మిల్లింగ్ పని వచ్చినవాళ్ళు ఎంతమంది. ఇవి అందరూ అడిగేవే. ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. రోజంతా పెద్ద చప్పుళ్ళు వస్తే అడ్డుపడే చట్టం ఏమైనా మీ కౌంటీలో ఉందా? ముప్పై రెండు: మూడు వందల అడుగుల మూసిన సొరంగం కట్టుకోవచ్చా?

వాల్‌నట్ చెక్క దేనికి? తుపాకి పిడికి. సొరంగం దేనికి? కాల్చి చూడటానికి. వెస్ట్ వర్జీనియాలో పుట్టిన ఏ పిల్లయినా చెబుతుంది. ఉత్తరాదిలో ఈ ఏడు తుపాకుల మీద కొత్త చట్టాలొచ్చాయి, అక్కడి కంపెనీలు మూటాముల్లె సర్దుకుంటున్నాయని పేపర్లో చూస్తూనే ఉన్నాను.

దేవుడా, ఇది నాకు కావాలి.

సెప్టెంబరు 11

కమిషనర్ హోబర్ట్‌కి చెప్పాను. కౌంటీని నడిపే ముగ్గురిలో పెద్దాయన. విని సంతోషిస్తాడనుకున్నాను. నెడ్రా, ఈసారి కూడా ఖాళీ చేతులతో వచ్చావనుకో, జనవరిలో నీ ఆఫీసుకి తాళం వేసి పక్క కౌంటీ ఆఫీసులో కలిపేస్తాం, నన్నేం చెయ్యమంటావు, జనం నన్ను తింటున్నారు అన్నాడు. పక్క కౌంటీ అంటే స్టోవాల్. స్టోవాల్ ఆఫీసంటే డార్లా. నా సొంత చెల్లెలి కింద నేను పనిచేయాలి.

కిటికీ తెరల కంపెనీ సంగతి మళ్ళీ ఎత్తాడు. నాలుగేళ్ళయినా వదలడు. ఆ కంపెనీవాళ్ళు చూడ్డానికి వచ్చిన రోజు జింకల సోమవారం. మగ జింకల వేట మొదలయ్యే రోజు. బడి లేదు, బ్యాంకు లేదు, కోర్టులో జడ్జి కూడా లేడు. అందరూ కొండల మీదే. వచ్చినవాళ్ళు ఖాళీ వీధులు చూసి, పనికి రాని జనం అని రాసుకుని వెళ్ళిపోయారు. ఆ తేదీకి సరే అన్నది నేనే. అప్పట్నించి ఆ పాపం నా నెత్తి మీదే ఉంది.

సెప్టెంబరు 14. శనివారం, మధ్యాహ్నం

డార్లా వచ్చింది. వాళ్ళకీ వచ్చిందట ఉత్తరం. నా వంటింట్లో నా కప్పులోనే కాఫీ పోసుకుని, నెడ్డీ, ముప్పై ఒకటో ప్రశ్న చూశావా, తుపాకులేనే, పందెం కాస్తావా అంది. నాలుగు రోజులుగా నాలో నేను దాచుకుని మురిసిపోతున్న సంగతి. నా బిస్కెట్లే తింటూ నాకే చెప్పేసింది.

రాస్తే తప్ప చల్లారదు, కనక రాస్తున్నాను. అది నాకంటే ఆరేళ్ళు చిన్నది. మూడేళ్ళు ఇళ్ళు అమ్మింది, అంతే దాని చదువు. స్టోవాల్ వాళ్ళు పిలిచి డైరెక్టర్ కుర్చీలో కూర్చోబెట్టారు. నేను ఇన్నేళ్ళయినా అసిస్టెంట్ డైరెక్టర్‌నే, పైన డైరెక్టర్ అనేవాడు లేకపోయినా సరే. అది చేరిన రెండో ఏడే వాళ్ళకి పైపుల ఫ్యాక్టరీ వచ్చి ఒళ్ళో పడింది. జుట్టు దానికి అమ్మది వచ్చింది, నాకు నాన్న వైపు గడ్డి వచ్చింది. నాన్న రైఫిల్ కూడా దానికే వెళ్ళింది.

ఆ రైఫిల్ కొసన గురి చూసే గింజ ఉంటుంది. ఒకసారి నాన్న జారిపడితే అది రాతికి తగిలి ఊడిపోయింది. 1979. నాకు పదిహేడేళ్ళు. చేతిపనులు నేర్పే వొకేషనల్ స్కూల్లో ఇత్తడి ముక్క తీసుకుని లేతు మీద కొత్త గింజ చేశాను. గురిగింజంత ఉంటుంది. మూడు వారాలు ఆకురాయి పట్టి దాన్ని బారెల్ మీది గాడిలో కూర్చోబెట్టాను. నాన్న వేలితో తడిమి, ఊఁ అన్నాడు. ఆయన నోట్లోంచి అంత పొగడ్త రావడం అదే మొదలు, అదే చివర. పోయేముందు రైఫిల్ డార్లాకి ఇచ్చాడు. నాకు చేతి గడియారం. అది నడవదు.

సెప్టెంబరు 15

స్టోవాల్ కౌంటీ దానికి కొత్త కారు ఇచ్చింది. నిన్న ఆ మాట చెప్పనేలేదు, నా వాకిట్లో అడ్డంగా పెట్టి చూపించిపోయింది.

సెప్టెంబరు 27. శుక్రవారం

జవాబులు పంపేశాను. మా దగ్గర గాజు ఫ్యాక్టరీ షెడ్డు ఉంది. లక్షా పది వేల చదరపు అడుగులు, పైకప్పు గట్టిది, గ్యాసు లైను ఉంది, నది ఒడ్డున రైలు పట్టా ఉంది. నా మొగుడు గార్నెట్ పంతొమ్మిదేళ్ళు అందులో పనిచేశాడు, అది మూతపడ్డాక స్కూలు బస్సు నడుపుతున్నాడు. ఇవాళ నాతో వచ్చి టేపు పట్టుకుని కొలతలు తీశాడు. తన పాత కొలిమి ఉన్నచోట రెండుసార్లు కొలిచాడు.

డార్లా దగ్గర ఏముంది? బొగ్గు కోసం తవ్వి చదును చేసి వదిలేసిన కొండ నెత్తి. అరవై ఎకరాలు, బల్లలా ఉంటుంది, ఒక్క గోడ లేదు, నీటి పైపు లేదు. రెండు ఉడతలు ఉండొచ్చు.

అక్టోబరు 17. గురువారం

ఆష్‌బీ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, పట్నం బూట్లు, మేడమ్ మేడమ్ అంటూ మాట్లాడతాడు. షెడ్డంతా తిరిగాడు. నేల మీద నాణెం నిలబెట్టి అదిరిందా లేదా అని చూశాడు. ఏం అదరలేదు.

మీరు ఊరినెలా ఎంచుకుంటారని అడిగాను. ఎంచుకోం మేడమ్, జాబితాలోంచి కొట్టేస్తాం అన్నాడు. మొదట నాలుగు రాష్ట్రాలు, రెండు వందల కౌంటీలు. తుపాకులంటే ముఖం చిట్లించే అసెంబ్లీ ఉన్నచోటు, కొట్టేయ్. యూనియన్ గొడవలున్నచోటు, కొట్టేయ్. నీళ్ళు చాలవు, కొట్టేయ్. పదేళ్ళు పన్ను మాఫీ కుదరదన్నారు, కొట్టేయ్. బయటివాళ్ళు గవర్నర్ రమ్మన్నాడు గనక కంపెనీ వచ్చిందనుకుంటారు, గవర్నర్లందరూ రమ్మంటారు మేడమ్, చివరికి నేను కొట్టేయడానికి కారణం దొరకని ఊరు మిగులుతుంది. ఇప్పుడు రెండే మిగిలాయి అన్నాడు.

రెండోది ఏదో అడగనక్కర్లేదు.

ఇంతలో ఫోనొచ్చింది. షెడ్డు మూలకి వెళ్ళి మాట్లాడాడు గానీ ఆ షెడ్డులో గుసగుస కూడా మోగుతుంది. అవును టాల్‌మడ్జ్ గారూ, బిల్డింగు బాగుంది టాల్‌మడ్జ్ గారూ అంటున్నాడు.

టాల్‌మడ్జ్. నాన్న రైఫిల్ బారెల్ మీద చెక్కి ఉన్న పేరు. చిన్నప్పుడు ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదవడం నేర్చుకున్నాను.

కారు ఎక్కుతూ ఆష్‌బీ, కాయితాల మీద మీరే ముందున్నారు, నేను చెప్పానని అనకండి అన్నాడు. ఇంటికొచ్చేదాకా పాటలు పాడుకున్నాను. గార్నెట్ ముక్కున వేలేసుకున్నాడు.

అక్టోబరు 20

చర్చిలో డార్లా కనబడింది. ఆష్‌బీ నీ దగ్గర ఎంతసేపున్నాడు అంది. నాలుగు గంటలు అన్నాను. దాని దగ్గర గంటన్నరేనట. నాకు చాలా ఏళ్ళ తర్వాత ప్రసంగం బాగుందనిపించింది.

నవంబరు 4. సోమవారం, ఉదయం 11

ఇప్పుడే ఆష్‌బీ ఫోను పెట్టేశాడు. 

టాల్‌మడ్జ్ గారు స్వయంగా వస్తారట. రెండు కౌంటీలకీ చెరో రోజు. థాంక్స్‌గివింగ్ వారం, ఇరవై అయిదు సోమవారం ఒకరికి, ఇరవై ఆరు మంగళవారం ఇంకొకరికి. కాయితాల మీద మీరు ముందున్నారు గనక ముందు మిమ్మల్నే అడుగుతున్నాం, ఏ రోజు కావాలి మేడమ్ అన్నాడు.

ఇరవై అయిదు జింకల సోమవారం. పట్నంవాడు, వాడికేం తెలుసు?

చెప్పొచ్చు. బాబూ, ఆ వారం వద్దు, ముందు వారం రండి అనొచ్చు. నోటి చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆ కొత్త కారు గుర్తొచ్చింది. స్టోవాల్ మెయిన్ రోడ్డు, అన్ని షాపులకీ తాళాలు, మధ్యలో డార్లా ఒక్కత్తీ ఫైలు పట్టుకుని నిలబడి పళ్ళికిలిస్తూ ఉండటం కళ్ళకి కట్టింది.

మంగళవారం అన్నాను.

 మంగళవారమేనా, ఖాయమా మేడమ్ అని మళ్ళీ అడిగాడు. ఖాయం అన్నాను.

నవంబరు 4, సాయంత్రం

గార్నెట్‌కి చెప్పలేదు. బీన్స్, కార్న్‌బ్రెడ్ చేశాను. నా పళ్ళెంలోది కుక్కకి పెట్టాను.

నవంబరు 6

డార్లా ఫోను. నెడ్డీ, వాళ్ళు నాకు జింకల సోమవారం తగిలించారే, ఊళ్ళో ఈగ కూడా ఉండదు, ఏం చూపించను నేను అంది. అయ్యో అన్నాను. తేదీ మార్చమని అడగలేకపోయావా అన్నాను, ఎక్కడిలేని జాలీ గొంతులో నింపుకుని. అడిగిందట. టాల్‌మడ్జ్ గారే ఆ రెండు రోజులూ ఖాయం చేశారు, మారవన్నారట. ఆ మాట చెప్పి నవ్వేసింది. సరేలే, ఆ రోజు నేనెక్కడుంటానో నీకు తెలుసుగా, ఆయన్నే అక్కడికి రమ్మంటాను అని పెట్టేసింది.

ఎలా నవ్వగలిగిందో నాకు అర్థం కావడం లేదు. నాకు రావలసిన నవ్వు అది.

నవంబరు 13

మంగళవారం కూడా ఊరు ఖాళీగానే ఉంటుంది, నాకు తెలుసు. వేట వారమంతా. కనక ఇంటింటికీ తిరుగుతున్నాను. లేతు పని తెలిసిన నలభై మందిని పట్టుకుని ఆ ఒక్కరోజు అడవిలోంచి దిగి రండి, టైలు కట్టుకుని రండి అని బతిమాలాను. వొకేషనల్ స్కూలు ప్రిన్సిపాల్ సెలవుల్లో మిషన్లు ఆన్ చేయడానికి ఒప్పుకున్నాడు. హోబర్ట్ బ్యానర్ రాయించాడు. ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలు: కాల్డర్ కౌంటీ, పని మానని ఊరు. మాట నాదే.

అందరికీ ఒకటే పాఠం చెప్పాను. ఎవరైనా వేట సంగతి ఎత్తితే, మేం పని ఎగ్గొట్టి అడవికి పోయే రకం కాదండీ అనాలి. కిటికీ తెరల కంపెనీతో చాలు నాకు.

గార్నెట్ అద్దం ముందు టై కట్టుకుని చూసుకున్నాడు. ఇది కట్టుకుని నేనెవరికి అబద్ధం చెప్పాలి అన్నాడు. నీ ఉద్యోగం కోసమే ఇదంతా అని అరిచాను.

నవంబరు 25. సోమవారం, ఉదయం 6.40

మొదటి తుపాకి మోత. తర్వాత ఇంకోటి. ఇప్పుడు కొండలన్నీ మోగుతున్నాయి. గార్నెట్ కాఫీ పట్టుకుని వరండాలో నిలబడి వింటున్నాడు. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో జింకల సోమవారం నాడు తను ఇంట్లో ఉండటం ఇదే మొదలు. ఇవాళ షెడ్డు ఊడవాలి, నేనే ఆపాను.

మధ్యాహ్నం 2

ఆగలేకపోయాను. బేకింగ్ సోడా అయిపోయిందని చెప్పి కారేసుకుని స్టోవాల్ దాకా వెళ్ళొచ్చాను.

అనుకున్నట్టే ఉంది. బార్బర్ షాపు మూసి ఉంది. బ్యాంకు మూసి ఉంది. కౌంటీ ఆఫీసు తలుపు మీద, కొండ మీద ఉన్నాను, డార్లా అని చీటీ. కొండ మీద ఉందట! డైరెక్టర్ గారు! మెయిన్ రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిపాను. ఒక్క మనిషి ఎదురు రాలేదు. పశువుల దాణా అమ్మే ఫీడ్ స్టోరు వైపు రోడ్డు మాత్రం ట్రక్కులతో నిండిపోయి ఉంది, ఇక అటు వెళ్ళకుండా వెనక్కి తిప్పేశాను.

నాకు అంత సంతోషం వేయకూడదు. వేసింది.

నవంబరు 26. మంగళవారం, సాయంత్రం 5

అయిపోయింది. బాగా జరిగింది. బాగానే జరిగిందనుకుంటాను.

టాల్‌మడ్జ్‌కి డెబ్బై దాటాయి. పొట్టి మనిషి, తాత పెట్టిన కంపెనీ. పాత కాన్వాస్ కోటు వేసుకుని, బూట్ల నిండా మట్టితో దిగాడు. నిన్న ఆ కొండ మీద అడుసులో తిప్పి ఉంటుంది డార్లా, పాపం ముసలాయన్ని అనుకున్నాను.

బ్యానర్ కింద కాసేపు నిలబడి చదివాడు.  షెడ్డు చూశాడు, బాగుందన్నాడు. నలభై మంది టైలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి చేయి కలిపి, నిన్న జింక ఏమైనా పడిందా అని అడిగాడు. నేను చెప్పిన పాఠం నలభై మందీ అప్పజెప్పారు. మేం పని ఎగ్గొట్టే రకం కాదండీ. ఒక్కడూ తడబడలేదు. గార్నెట్ దగ్గరికొచ్చేసరికి తను నా వైపు చూసి, నిన్న ఈ నేల ఊడ్చానండీ అన్నాడు. ఊడ్చావా అన్నాడు ముసలాయన. ఆ గొంతు నాకు నచ్చలేదు.

హోబర్ట్ ఉపన్యాసం ఇచ్చాడు. పట్నం నుంచి తెప్పించిన శాండ్‌విచ్‌లు, సలాడ్ పెట్టాం. వొకేషనల్ స్కూల్లో లేతుల దగ్గర ఎక్కువసేపు ఉన్నాడు. అక్కడ నన్ను పక్కకి పిలిచి, మీరు వేటకి వెళతారా అని అడిగాడు. లేదు సార్ అన్నాను. నిజమే, నాన్న పోయాక వెళ్ళలేదు. మీరెప్పుడైనా లోహంతో పని చేశారా అన్నాడు. ఒక పాత లేతు మీద చేయి వేసి అడిగాడు. అది నేను వాడిన లేతే. నేను బ్లేజర్ వేసుకుని ఉన్నాను, కొత్త హీల్స్ వేసుకుని ఉన్నాను. లేదు సార్, నాది ఆఫీసు పని అన్నాను.

నా చేతులు చూశాడు. సరే మేడమ్ అన్నాడు.

మూడింటికల్లా వెళ్ళిపోయారు. నాలుగున్నర దాకా ఉండాల్సింది. చూడాల్సిందంతా చూసేశారు గనకే అయి ఉంటుంది.

నవంబరు 28. థాంక్స్‌గివింగ్, సాయంత్రం

డార్లా ఆపిల్ పై చేసి తెచ్చింది, జింక మాంసం తెచ్చింది. తినేటప్పుడు ఏమీ ఎత్తలేదు. తర్వాత గిన్నెలు తుడుస్తూ మొదలుపెట్టింది.

సోమవారం అది ఎప్పుడూ ఉండేచోటే, కొండ మీదే ఉందట. తెల్లారుతూనే నాన్న రైఫిల్‌తో కొమ్ములకి ఆరు మొనలున్న జింకని కొట్టింది. తొమ్మిదింటికి టాల్‌మడ్జ్ వ్యాను ఊళ్ళో దిగితే ఒక్క పురుగు లేదు. ఆష్‌బీ ముఖం చూడాలే నెడ్డీ, ఏడవటం ఒక్కటే తక్కువ అంది. వేటగాళ్ళ ఆరెంజ్ కోటుతో, చేతులకి రక్తంతో వెళ్ళి, సార్, మా వాళ్ళని చూడాలంటే ఇక్కడ కాదు, చెక్ స్టేషన్ దగ్గర చూడాలి అని ట్రక్కు ఎక్కించుకుందట. చెక్ స్టేషన్ అంటే ఫీడ్ స్టోరే. కొట్టిన ప్రతి జింకనీ అక్కడికి తెచ్చి చూపించి ట్యాగు వేయించుకోవాలి. కౌంటీ మొత్తం ఆ వాకిట్లోంచి పోవాల్సిందే.

నేను వెనక్కి తిప్పేసిన రోడ్డు.

పొద్దంతా ట్రక్కు వెనక చెక్క మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడట ముసలాయన, మాంసం కూరిన రొట్టె, పెపరోనీ రోల్ తింటూ. వచ్చినవాడి దగ్గరల్లా రైఫిల్ అడిగి తీసుకుని చూశాడు. ఈ ట్రిగ్గర్ ఎవరు సరిచేశారు? నేనేనండీ. ఈ స్ప్రింగ్? మా ఆవిడండీ. ఈ పిడి ఎవరు చెక్కారు? మా మామండీ, తాగి ఉన్నప్పుడు. కడుపుబ్బ నవ్వాడట. ఆష్‌బీ చేత పేర్లన్నీ రాయించాడట. సాయంత్రానికి నూట ఇరవై పేర్లు. లేతు పని ఎంతమందికి వచ్చు అన్న ప్రశ్నకి మేమిద్దరం ఎవరి ఆఫీసులో వాళ్ళం వారం రోజులు తిప్పలు పడి రాసిన జవాబు ఆయనకి ఆ వాకిట్లో దొరికింది.

తర్వాత నాన్న రైఫిల్ చూశాడట. తాతగారి కాలంది అని తడిమి, ఈ ఇత్తడి గింజ మా ఫ్యాక్టరీది కాదే, దీన్ని ఎవరు కూర్చోబెట్టారు, సందులో కాగితం కూడా దూరడం లేదు అన్నాడట. మా అక్క అని చెప్పానే అంది డార్లా. పదిహేడేళ్ళకి చేసింది, రేపు మీకు ఊరు చూపించేది ఆవిడే అని చెప్పాను. అయితే ఆవిడ్ని చూడాలి అన్నాడు, నిజంగా ఎదురుచూశాడే నెడ్డీ, ఏమన్నాడు నీతో అని అడిగింది.

నేను గిన్నె తోముతూ ఉన్నాను. ఆ గిన్నె ఎప్పుడో తెల్లబడింది.

ఏమీ అనలేదు అన్నాను.

అప్పుడు అది తుడిచే గుడ్డ పక్కన పెట్టి, రోజు ఎంచుకునే వంతు ముందు నీకే వచ్చిందని ఆష్‌బీ చెప్పాడు అంది. కోపంగా అనలేదు. ఎందుకు చేశావే అంది.

చెప్పేశాను. నలభై అయిదేళ్ళు కడుపులో పెట్టుకున్నదంతా కక్కేశాను. అన్నీ నీకే వస్తాయి కనక చేశాను. కుర్చీ నీకే, కారు నీకే, పైపుల ఫ్యాక్టరీ నీకే. గింజ నేను చేస్తే రైఫిల్ నీకు. నువ్వంటే నాకు కుళ్ళు, విన్నావా, ఒక్కసారి నువ్వు ఖాళీ వీధిలో నిలబడితే చూడాలనిపించింది అన్నాను. ముందుగదిలో గార్నెట్ టీవీ ఆపేశాడు.

 రైఫిల్ నేను అడిగానే నెడ్డీ అంది డార్లా. ఆస్పత్రిలో, నాన్నా అది నాకివ్వు అని అడిగాను. అక్క అడగలేదేం అన్నాడు. అడుగుతుందిలే ఉండు అని రెండు రోజులు ఆగాడు. నువ్వు వచ్చి దిండు సర్ది, బిల్లుల సంగతి మాట్లాడి వెళ్ళిపోయావు. అప్పుడిచ్చాడు నాకు.

కోటు వేసుకుని వెళ్ళిపోయింది. ఆపిల్ పై తెచ్చిన పళ్ళెం ఇక్కడే మర్చిపోయింది.

నవంబరు 29

అడగలేదు. నిజమే. అడగకుండానే ఇవ్వాలనుకున్నాను.

డిసెంబరు 5

ఇంకా ఏమీ తెలియలేదు. షెడ్డు మాది, గ్యాసు మాది, రైలు పట్టా మాది. కొండ నెత్తికి నీళ్ళు ఎక్కించాలంటే రెండేళ్ళు పడుతుంది. హోబర్ట్ రోజూ ఫోను చేసి వచ్చేసినట్టే కదా అంటున్నాడు. వచ్చేసినట్టే అంటున్నాను.

డిసెంబరు 13. శుక్రవారం, మధ్యాహ్నం 3

స్టోవాల్.

ఆష్‌బీ మంచివాడు, మెయిలు పంపకుండా ఫోను చేశాడు. కాయితాల మీద చివరిదాకా మీరే ముందు మేడమ్, పదకొండు పాయింట్లు ముందు, నేను మీకే రాశాను అన్నాడు. పెద్దాయన ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడట. తమ వాళ్ళు వేటకి వెళ్ళరని గొప్పగా చెప్పుకునే ఊళ్ళో నేను వేట తుపాకులు ఎలా చేయను ఆష్‌బీ, అక్కడ నా తుపాకి బాగాలేదని నాకు ఎవడు చెబుతాడు అన్నాడట. నీటి పైపు నేను వేయించుకుంటాను, ఆ చెక్ స్టేషన్ నేను కట్టించుకోలేను అన్నాడట.

ఆ సోమవారం సంగతి మీకు తెలియదా అని అడిగాను. ఎందుకడిగానో. అప్పుడు నాకు తెలియదు మేడమ్, ఆయనకి తెలుసు అన్నాడు. ఉత్తరాన వాళ్ళ పాత ఫ్యాక్టరీకి వేట మొదలయ్యే రోజు తాత కాలం నుంచీ సెలవట. ముందున్న వాళ్ళని ముందు అడుగు, కొండల్లో పుట్టినవాళ్ళయితే సోమవారం ఎగిరి పట్టుకుంటారు చూడు అన్నాడట. మీరు మంగళవారం అనగానే నేను రెండుసార్లు అడిగాను, గుర్తుందా మేడమ్ అన్నాడు.

గుర్తుంది.

డిసెంబరు 14

గార్నెట్‌కి అంతా చెప్పాను, తేదీతో సహా. విని కట్టెలు కొట్టడానికి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

డిసెంబరు 31

ఆఫీసు తాళాలు హోబర్ట్ చేతికిచ్చాను. స్టోవాల్ ఆఫీసులో నా కోసం బల్ల ఉందని డార్లా కబురు పంపింది. వద్దన్నాను. ఒక్కసారే అడిగింది, రెండోసారి అడిగితే ఒప్పుకునేదాన్నేమో.

ఫిబ్రవరి 9, 2014

మంచు. గార్నెట్ కట్టెల మీద బ్యానర్ కప్పాడు. వంటింటి కిటికీలోంచి చూస్తే పని మానని ఊరు అని కనబడుతుంది. తీసెయ్యమన్నాను. మంచి గుడ్డ, నీళ్ళు దిగవు అన్నాడు.

జూన్ 22

కొండ నెత్తి మీద గోడలు లేచాయి. గార్నెట్‌ని తీసుకున్నారు, ట్రక్కులు దింపే పని. రోజూ కౌంటీ పొలిమేర దాటి వెళుతున్నాడు. డార్లా రోజూ కనబడుతుందట. నా గురించి అడుగుతుందట. ఏమని అడిగిందో నేను అడగలేదు.

అక్టోబరు 6, 2014. సోమవారం

గార్నెట్ ఫ్యాక్టరీ ఉద్యోగాల ఫారం తెచ్చి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. గురి గింజలు బిగించే బల్ల దగ్గర ఆరుగురు కావాలట.

ఇంతకుముందు లోహంతో పని చేశారా? అవును.

ఏం చేశారు? ఒక ఇత్తడి గింజ, 1979.

ఈ ఉద్యోగానికి మీ గురించి చెప్పగలవారు ఎవరు? ఆ గడి వదిలేసి కవరు అంటించాను. మళ్ళీ చింపాను. గడులు ఖాళీగా ఉంటే ఫారం తిప్పి పంపుతామని కింద రాసి ఉంది.

చెల్లెలు అని రాశాను. పేరు రాయలేదు.